రివాల్వరు పుట్టిన సంవత్సరం

రేగులపెల్లి మురహరిరావు దొరకు భూములు పోయిననాడు కూడా అంత బాధ కలగలేదు. చెన్నూరులో బావగారి మనుమడి తొట్టెలనాడు కలిగింది.

భూములు ఒక్కసారిగా పోలేదు. పోలీసు చర్య తరవాత కొన్ని, కౌలుదారీ చట్టం వచ్చాక కొన్ని, మిగిలినవాటిలో సగం దొర గమనించకుండానే పోయాయి. చివరికి జమ్మికుంటకు ఆమడ దూరంలో ఉన్న ఆ ఊళ్ళో ఆయనకు గడీ, గడీ వెనక కొంచెం పొలం, పత్తి పండే ఒక చెలక మిగిలాయి. గడీ పై అంతస్తులో పావురాలు ఉండేవి. కింది అంతస్తులో దొర, భార్య సుభద్రాదేవి, చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మేనత్త లచ్చుబాయి ఉండేవారు. పిల్లలు లేరు. వీటన్నిటితో పాటు ఒక రివాల్వరు మిగిలింది.

అది అమెరికాలో చేసిన కోల్టు రివాల్వరు. హాల్లో తాతగారు దామోదరరావు పెద్దదొర నూనెరంగుల చిత్రం కింద తోలు సంచిలో వేలాడేది. గడీకి ఎవరు వచ్చినా, పన్ను వసూలుకు వచ్చిన గిర్దావరైనా సరే, దాని కథ వినకుండా వెళ్ళడానికి వీలుండేది కాదు. పద్దెనిమిది వందల ఎనభై అయిదులో హైదరాబాదు నుంచి ఒక నవాబు వేటకు వచ్చాడు. పులి నవాబు మీదికి దూకింది. దామోదరరావు దొర వట్టి బల్లెంతో పులికి అడ్డం నిలబడ్డాడు. నవాబు సంతోషించి తన నడుముకున్న రివాల్వరు తీసి ఆయన నడుముకు కట్టాడు. ఇదీ కథ. ఏటేటా పులి మాత్రం కొంచెం కొంచెం పొడుగయ్యేది.

నలభై ఎనిమిదిలో కమ్యూనిస్టు దళాలు గడీల మీదికి వస్తున్నప్పుడు దొర కుటుంబాన్ని తీసుకుని జమ్మికుంటలో ఒక షావుకారు జిన్నింగు మిల్లులో తలదాచుకున్నాడు. అప్పుడు రివాల్వరు పత్తి కుక్కిన ఒక గోనె బోరెంలో ఉంది, ఆయన ఇంకో బోరెం వెనక ఉన్నాడు. "దగ్గర రివాల్వర్ ఉండంగ ఎందుకు కాల్చలేదు దొరా?" అని తరవాత ఎవరో అడిగారు. "గంత పురాతనమైన వస్తువును గట్ల వాడుకుంటరా?" అన్నాడు దొర కోపంగా.

ఆ పురాతనత్వానికే చెన్నూరులో దెబ్బ తగిలింది.

చెన్నూరు దొర వేణుమాధవరావు సుభద్రాదేవికి సొంత అన్న. ఆయన పరిస్థితి కూడా ఇంచుమించు ఇంతే. గడీలో పావురాలకు బదులు గబ్బిలాలు. అరవై రెండులో ఆయన మనుమడిని తొట్టెలలో వేసేనాడు భోజనాలయ్యాక మగవాళ్ళంతా వసారాలో కూర్చున్నారు. మురహరిరావు మామూలుగా పులి కథ ఎత్తుకున్నాడు. పులి ఇంకా దూకకముందే వేణుమాధవరావు లోపలికి వెళ్ళి, పట్టుగుడ్డలో చుట్టిన ఒక రివాల్వరు తెచ్చి అందరి మధ్యా పెట్టాడు. అది మధ్యకు విరిచి గుండ్లు పెట్టే రకం.

"నాది గూడ అమెరికాదే బావా. మా ముత్తాతది. నువ్వు నీదాని ముచ్చట చెప్తుంటే ఇన్నేండ్లు ఊకున్న," అన్నాడు.

ఆ వసారాలోనే దత్తోపంతు అనే ఆయన ఉన్నాడు. ఆసిఫాబాదులో అడవి శాఖ రేంజరుగా పనిచేసి దిగిపోయాడు. ఇంగ్లీషు దొరలతో వేటకు తిరిగాడు కనక తుపాకుల సంగతి తనకు తెలిసినంతగా గోదావరికి ఈవలా ఆవలా ఎవరికీ తెలియదని ఆయనే చెప్పేవాడు. జేబులోంచి భూతద్దం తీసి, చెన్నూరు రివాల్వరు గొట్టం మీద అక్షరాల్ని చాలాసేపు చూశాడు. తరవాత గొట్టాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"బఘా రావుసాబ్! చూడుండ్రి, ఎయిటీన్ సెవెంటీ వన్. వాసన గూడ గదే చెప్తుంది. పాత ఇనుముకు పాత నెయ్యి వాసన ఉంటది."

మురహరిరావు ఏ శుభకార్యానికి వెళ్ళినా తన రివాల్వరు వెంట తీసుకెళ్ళేవాడు. దాన్ని కూడా అందరూ చూడాలన్నారు. దత్తోపంతు భూతద్దం తిప్పి తిప్పి చూశాడు. గొట్టం మీది అక్షరాలు సగం అరిగిపోయి ఉన్నాయి. గడీలో దాన్ని ఏళ్ళ తరబడి ఇత్తడి చెంబుల్లాగే ఇటుకపొడితో తోమేవారు. చివరికి ఒక్క సంవత్సరం కంటికి ఆనింది.

"ఎయిటీన్ ఎయిటీ ఫోర్," అన్నాడు దత్తోపంతు.

తాతగారికి నవాబు ఇచ్చింది ఎనభై అయిదులో. లెక్క సరిగ్గా కుదిరింది. కానీ ఆ కుదరడం ఎవరికీ పట్టలేదు. పదమూడేళ్ళు చిన్నది అన్నదే వసారా అంతా వినబడింది.

"ఫికర్ చెయ్యకు బావా," అని వేణుమాధవరావు ఓదార్చాడు. "చిన్నదైనా మంచిగనే ఉన్నది."

తిరుగు ప్రయాణంలో మంచిర్యాల స్టేషన్లో రైలు కోసం కూర్చున్నంతసేపూ దొర తన రివాల్వరు గొట్టాన్ని కండువాతో రుద్దుతూనే ఉన్నాడు. సుభద్రాదేవి ఊరుకోలేక అడిగింది.

"మా అన్నది పాతదైతే మీకేం పాయె?"

"ఏం పాయెనా? మా దొరతనం మీ దొరతనం కన్నా ముందటిది. గది ఇనుము మీద రాసి లేకపోతే ఎట్ల?"

"దొరతనమే పోయినంక ముందటిదేంది, వెనకటిదేంది?"

ఆ ప్రశ్న దొరకు వినబడలేదు. అప్పటికే ఆయన మనసులో దత్తోపంతుతో మాట్లాడుతున్నాడు.

ఆ విధంగా మురహరిరావు దొర పాత అమెరికా రివాల్వర్లు సేకరించడం మొదలుపెట్టాడు. దత్తోపంతు నెల తిరక్కుండానే మొదటిదాన్ని తెచ్చాడు. చాందా వైపు ఒక జమీందారీ ఇంట్లో దొరికిందట. దాని మీద పద్దెనిమిది వందల అరవై అయిదు ఉంది. దొర గడీలోని బగ్గీ అమ్మి దాన్ని కొన్నాడు. ఈ సంగతి దత్తోపంతే చెన్నూరు వెళ్ళి చెప్పాడు. వేణుమాధవరావు మామిడితోట కౌలుకిచ్చి అరవైనాటిది కొన్నాడు. ఈ సంగతి కూడా దత్తోపంతే రేగులపెల్లికి వచ్చి చెప్పాడు. వచ్చినప్పుడల్లా సుభద్రాదేవి ఆయనకు సకినాలు పెట్టవలసి వచ్చేది.

చివరికి ఆయన ఒకనాడు గోనెగుడ్డలో చుట్టి, రెండు చేతులతో మోసుకొచ్చి, దొర ముందు పెట్టినది అన్నిటికన్నా పాతది. నల్లగా, బరువుగా, మూతికి మట్టి పట్టి ఉంది.

"ఫార్ జునా, రావుసాబ్! శానా పాతది, ఎయిటీన్ ఫిఫ్టీ. గీనికి మించి అమెరికల రివాల్వరే లేదు. ఒక్క మాట, ఎన్నడు సాఫ్ చెయ్యొద్దు. మట్టి పోతే ఉమర్ పోతది, పాతతనం పోతది."

దొర దాన్ని భక్తిగా చేతిలోకి తీసుకుని, కొంచెంసేపు తిప్పి చూసి, "గీనికి ట్రిగ్గర్ లేదు గదా?" అన్నాడు.

"ట్రిగ్గర్ కనిపెట్టక ముందటిది," అన్నాడు దత్తోపంతు.

దొర కళ్ళు చెమర్చాయి.

ఇన్ని రివాల్వర్లకు లైసెన్సులు కావాలి. కొత్త ఆయుధాల చట్టం వచ్చిన రోజులవి. ఒకే మనిషి పేరున అన్ని ఇవ్వరు. కనక ఒకదానికి సుభద్రాదేవి పేరు పెట్టించి, దొర ఆమెను కరీంనగర్ కచేరీకి తీసుకెళ్ళాడు. అక్కడి అధికారి మర్యాదస్తుడు. కుర్చీ వేయించి అడిగాడు.

"అమ్మా, రివాల్వర్ దేనికోసరం?"

"ఆత్మరక్షణకు అనుమన్నరు," అంది సుభద్రాదేవి.

"ఎవరితోని భయమున్నది మీకు?"

ఆమె పక్కనున్న భర్త వైపు చూసింది. "ఎవరితోని లేదు. ఇంకో నాలుగు కొంటడేమోనని గీయనతోనే."

అధికారి నవ్వు ఆపుకుంటూ సంతకం చేశాడు. దొర మాత్రం ఇంటికి వచ్చేదాకా ఆమెకన్నా నాలుగడుగులు ముందే నడిచాడు.

రెండేళ్ళు గడిచాయి. ఇటు వైపు పాతది ఎంత పాతదైతే, అటు వైపు పాతది అంత పాతదయ్యేది. దత్తోపంతు రేగులపెల్లిలో రేగులపెల్లిదే పాతది అనేవాడు, చెన్నూరులో చెన్నూరుదే అనేవాడు. చివరకు బావలిద్దరూ ఒక పెళ్ళిలో ఎదురుపడినప్పుడు, ఈ సంగతి మూడో మనిషితో తేల్చుకుందామని ఒప్పుకున్నారు. సేకరించినవన్నీ తేనక్కరలేదు. మురహరిరావు తన వంశపుదాన్నీ, పద్దెనిమిది వందల యాభైదాన్నీ పెట్టాలి. వేణుమాధవరావు తన ముత్తాతగారిదాన్ని పెట్టాలి. తీర్పు చెప్పేవాడు ఎవరి చుట్టమూ కాకూడదు, ఏ రివాల్వరూ అమ్మినవాడు కాకూడదు.

అటువంటివాడు అప్పట్లో జిల్లా మొత్తానికి ఒక్కడే కనిపించాడు. కోళ్ళ పెంపకం నేర్పడానికి అమెరికా నుంచి ఒక యువకుడు వచ్చి జమ్మికుంటలో మకాం పెట్టాడు. పేరు డేనియల్. ఊళ్ళవాళ్ళు దానయ్య సారు అనేవారు. సైకిలు మీద ఊరూరా తిరిగి తెల్లకోళ్ళు ఎలా పెంచాలో చెప్పేవాడు. తెలుగు అమెరికాలోనే పుస్తకంలో నేర్చుకుని వచ్చాడు. అందుకని అతను మాట్లాడితే కోస్తా నుంచి వచ్చిన స్కూలు పంతులు మాట్లాడినట్టుండేది.

దొర అతన్ని భోజనానికి పిలిచాడు. రివాల్వర్ల మాట వినగానే డేనియల్ కంగారుపడ్డాడు.

"క్షమించండి. నాకు తుపాకుల గురించి ఏమీ తెలియదండీ. నేను కోళ్ళ గురించి మాత్రమే చదువుకున్నాను."

"మీరు అమెరికల పుట్టిండ్రు గదా?"

"పుట్టానండీ."

"గివి గూడ అమెరికల పుట్టినయి. మీరు మీరు ఒక్క తానోళ్ళు. చూసి చెప్పుండ్రి."

ఇంత దూరం వచ్చి, ఇంటివాళ్ళ పప్పు తిని, కాదనడం బాగుండదని అతను ఒప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున వేణుమాధవరావు మంచిర్యాలలో రైలెక్కి, పట్టుగుడ్డ మూటను ఒళ్ళో పెట్టుకుని జమ్మికుంటలో దిగాడు. దత్తోపంతును కూడా పిలిపించారు. ఆయన రాక తప్పక వచ్చాడు. హాల్లో పెద్దదొర చిత్రం కింద బల్ల వేసి, దాని మీద తెల్లగుడ్డ పరిచి, మూడు రివాల్వర్లు పెట్టారు. పక్కగదిలో మంచం మీద లచ్చుబాయి వక్కలు కత్తిరించుకుంటోంది. సుభద్రాదేవి తలుపు దగ్గర నిలబడింది.

డేనియల్ మొదట పద్దెనిమిది వందల యాభైదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. ట్రిగ్గరు ఉండవలసిన చోట వేలు పెట్టి, ఏమీ లేకపోవడంతో తీసేశాడు. జేబులోంచి పెన్సిలు తీసి గొట్టం మూతిలోకి దూర్చాడు. మట్టి రాలింది. పెన్సిలు గోరంత లోపలికి వెళ్ళి టక్కున ఆగింది.

"దీనికి రంధ్రం లేదండీ," అన్నాడు.

"రంధ్రమంటే?" అన్నాడు దొర.

"గుండు బయటికి రావడానికి రంధ్రం ఉండాలి కదండీ. ఇది లోపలంతా గట్టి ఇనుము. మా స్కూల్లో నాటకం వేసినప్పుడు ఇలాంటిదే ఇచ్చారు."

వేణుమాధవరావు పకపకా నవ్వాడు. "రంధ్రం కనిపెట్టక ముందటిదేమో, బావా!"

మురహరిరావు దత్తోపంతు వైపు చూశాడు. దత్తోపంతు గోడ గడియారం వైపు చూశాడు. "అరే బాబా, నా గాడీ టైం అయితుంది," అంటూ లేచి, చెప్పులు చేతిలో పట్టుకుని వసారా దిగాడు. ఆయన ఆసిఫాబాదు వెళ్ళే రైలు సాయంత్రం గాని లేదు.

అమ్మినవాడు వెళ్ళిపోయినా తీర్పు ఆగలేదు. డేనియల్ చెన్నూరు రివాల్వరు అందుకున్నాడు. గొట్టం మీది అక్షరాలు చదవగానే అతని ముఖం వెలిగింది.

"అరే! ఇది మా ఊరి పేరండీ! స్ప్రింగ్‌ఫీల్డ్! మా నాన్నగారి బూట్ల కొట్టు అక్కడే!"

వేణుమాధవరావు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "చూసినవా బావా? సొంత ఊరోడే గుర్తువట్టిండు."

కానీ డేనియల్ ఇంకోసారి చదివాడు. ముఖంలో వెలుగు తగ్గింది. వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివాడు.

"కానీ తప్పు రాశారండీ. ఇక్కడ రెండు అక్షరాలు తారుమారు అయ్యాయి. ఇక్కడ ఒకటి లేనే లేదు."

"అంటే?"

"తుపాకుల సంగతి నాకు తెలియదు. కానీ మా ఊరివాళ్ళు మా ఊరి పేరు ఇనుము మీద తప్పుగా చెక్కరండీ. ఇది మా ఊళ్ళో చేసింది కాదు. ఎవరో చూసి రాశారు. చూసి కూడా సరిగా రాయలేదు."

ఇప్పుడు నవ్వవలసిన వంతు మురహరిరావుది. తొడలు చరుచుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "నకలు! మా బావ ముత్తాత నకలు!" అని మేనత్తకు వినబడేలా కేక పెట్టాడు. రెండేళ్ళుగా గుండెల్లో ఉన్న బరువు దిగిపోయింది. ఇక మిగిలింది తన వంశపు రివాల్వరు ఒక్కటే. దాన్ని తనే రెండు చేతులా ఎత్తి డేనియల్ చేతిలో పెట్టాడు.

"గిది చదువుండ్రి. ఎయిటీన్ ఎయిటీ ఫోర్ ఉన్నది. మస్తు గట్టిగ చదువుండ్రి."

డేనియల్ గొట్టం పైభాగాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. "ఎనభై నాలుగు ఉందండీ. దాని పక్కన ఇంకా ఏవో ఉన్నాయి, అరిగిపోయాయి," అని సన్నని కాగితం ఒకటి అడిగాడు. కాగితాన్ని గొట్టానికి బిగించి పట్టుకుని దాని మీద పెన్సిలు ములుకును పడుకోబెట్టి మెల్లగా రుద్దాడు. బూడిదరంగు మీద అక్షరాలు తెల్లగా తేలడం మొదలుపెట్టాయి. అందరూ వంగి చూశారు.

"ఆగస్టు అయిదు, పద్దెనిమిది వందల ఎనభై నాలుగు," అని చదివాడు డేనియల్. "జూన్ అయిదు, పందొమ్మిది వందలు. జూలై నాలుగు, పందొమ్మిది వందల అయిదు. జూలై నాలుగు! మా స్వాతంత్ర్య దినమండీ!"

అతనొక్కడే సంతోషించాడు.

"మూడు తారీఖులు ఎందుకుంటయి?" అని సుభద్రాదేవి తలుపు దగ్గరి నుంచి అడిగింది.

"ఇవి చేసిన తేదీలు కావండీ. ఆ పనితనం మాది, ఇంకెవరూ చేయకూడదు అని సర్కారు దగ్గర హక్కు పుచ్చుకున్న తేదీలు. మా గుడ్లు పొదిగే పెట్టె మీద కూడా ఇలాగే ఉంటాయి. అన్నిటికన్నా చివరి తేదీ తరవాతే ఆ పెట్టె తయారైనట్టు. ఇది కూడా అంతే. పందొమ్మిది వందల అయిదు తరవాతే చేశారు."

అందరి కళ్ళూ ఒక్కసారిగా పైకి లేచాయి. దామోదరరావు పెద్దదొర చిత్రం కింద ఆయన పుట్టిన, గతించిన సంవత్సరాలు బంగారు రంగులో ఉన్నాయి. మురహరిరావే రాయించాడు. పెద్దదొర గతించింది పద్దెనిమిది వందల తొంభై ఏడులో.

వేణుమాధవరావు కూడా నవ్వలేదు. నవ్వుదామని నోరు తెరిచి, బావ ముఖం చూసి మూసుకున్నాడు.

"మీ అమెరికోళ్ళు తారీఖు తప్పేసి ఉంటరు," అన్నాడు మురహరిరావు.

అప్పుడు పక్కగదిలో అడకత్తెర చప్పుడు ఆగింది.

"తప్పేం లేదు," అంది లచ్చుబాయి. "గది మీ బాపు మేజతోని వచ్చింది గదరా."

దొర మంచం దగ్గరికి వెళ్ళాడు. "ఏ మేజ, అత్తమ్మా?"

"నువ్వు రాసుకునే మేజ. సికింద్రాబాదుల ఒక తెల్లదొర వాళ్ళ దేశం పోతుంటే సామాన్లు హర్రాజు పెట్టిండు. మీ బాపు మేజ కొన్నడు. ఇంటికి తెచ్చి సొరుగు గుంజితే గిది ఎల్లింది. వాపస్ ఇద్దామంటే గాయన అప్పటికే జహాజ్ ఎక్కిండు. ఓనాడు ఠాణా అమీన్ సాబ్ వచ్చి, గిది ఎక్కడిది, పర్వానా ఏదని అడిగిండు. మా నాయినకు నవాబ్ ఇచ్చిండని మీ బాపు చెప్పిండు. అమీన్ సాబ్ సలాం కొట్టి పోయిండు. గప్పుడు నువ్వు మీ బాపు మోకాళ్ళ కాడ నిలవడి ఇంటున్నవు."

"మరి పులి?"

"పులిని నువ్వే తెచ్చినవ్."

"నాకెవ్వలు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వెన్నడు అడిగినవురా? నువ్వు చెప్తుంటివి, మేం వింటుంటిమి," అని లచ్చుబాయి మళ్ళీ వక్క కత్తెర అందుకుంది.

ఆ రోజు భోజనాల దగ్గర డేనియల్ ఒక్కడే మాట్లాడాడు. తెల్లకోళ్ళకు వచ్చే తెగుళ్ళ గురించి చెప్పాడు. సుభద్రాదేవి మాత్రం అతన్ని శ్రద్ధగా ప్రశ్నలడిగింది.

సాయంత్రం బావలిద్దరూ జమ్మికుంట స్టేషన్లో బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. సుభద్రాదేవి అన్నను సాగనంపడానికి వచ్చింది. పట్టుగుడ్డ మూటను ఒళ్ళోకి లాక్కుంటూ వేణుమాధవరావు అన్నాడు.

"నాది నకలని చెన్నూర్ల తెలవద్దు బావా."

"నాది మేజదని నువ్వు ఎవ్వలకు చెప్పకు."

"చెప్ప. దత్తోపంతును నాలుగు తంతామా?"

"ఇద్దరం కలిసి పోదాం."

ఆ తరవాత వాళ్ళు పత్తి ధర గురించీ, వేణుమాధవరావు మోకాలి నొప్పి గురించీ, పిల్లలప్పుడు గోదావరిలో ఈత కొట్టిన సంగతి గురించీ మాట్లాడుకున్నారు. రైలు వచ్చేసరికి ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి ఉంది.

"నా లగ్గమైనంక మీరిద్దరు గిట్ల మాట్లాడుకోంగ చూసుడు గిదే మొదటిసారి," అంది సుభద్రాదేవి.

దాచాలనుకున్నారు గాని, దొర ఇంట్లో కేకలు పెట్టి నవ్విన సంగతి దాగేది కాదు. ఊరంతా తెలిసిపోయి ఉంటుందని మురహరిరావు వారం పాటు గడప దాటలేదు. హాల్లో కూర్చుని తాత బొమ్మనూ, తోలు సంచినీ చూస్తూ ఉండిపోయేవాడు. చిన్నప్పుడు అతిథుల ముందు తను పులి కథ చెబుతుంటే బాపు గొంతు సవరించుకుని వసారాలోకి వెళ్ళిపోయేవాడు. అది వినయం అనుకున్నాడు ఇన్నేళ్ళూ. ఒక్కసారైనా బాపు, అది అబద్ధం రా కొడుకా, అనలేదు. అనబోయి ఉంటాడు. ఏడేళ్ళ పిల్లవాడు బల్లెం పట్టుకున్నట్టు కర్ర పట్టుకుని పులి మీదికి దూకుతుంటే ఎవరు మాత్రం అనగలరు? ఆ మాట తట్టాక దొరకు తండ్రి మీద కోపం నిలవలేదు. సిగ్గు మాత్రం నిలిచింది.

పత్తి అమ్మకానికి తప్పనిసరై ఒకనాడు జమ్మికుంట మార్కెట్‌కు వెళ్ళాడు. బోరాల మధ్య జనం గుంపులుగా ఉన్నారు. ఎవరు నవ్వినా తనను చూసే నవ్వారనుకున్నాడు. ఊళ్ళో చిన్న రైతు హనుమండ్లు ఎదురొచ్చి దండం పెట్టాడు.

"దొరా, మీ ఇంటికి దానయ్య సారు వచ్చిండట గదా?"

వచ్చింది ముప్పు అనుకున్నాడు దొర. "వచ్చిండు. అయితే ఏంది?"

"తెల్లకోడి పిల్లలు ఎన్నడిస్తడో ఏమన్న చెప్పిండా?"

దొర అతన్ని ఎగాదిగా చూశాడు. "నా రివాల్వర్ సంగతి నువ్వు వినలేదార?"

"ఏ రివాల్వర్ దొరా?"

"మా తాతది. పులిది."

"గోడకు ఉంటది, గదేనా? దొంగలు గిన ఎత్కపోయిండ్రా?"

"లేదు. అది మా తాతది కాదట. నవాబ్ ఇయ్యలేదట."

హనుమండ్లు కొంచెం ఆలోచించాడు. దొర ఇంకా ఏదైనా చెబుతాడేమోనని చూశాడు. చెప్పలేదు. "కాకపోతే కాకపాయె తియ్యిండ్రి దొరా. కోడిపిల్లల సంగతి జర అడిగి చెప్పుండ్రి," అని తన పత్తి కాంటా దగ్గరికి వెళ్ళిపోయాడు.

దొర అక్కడే నిలబడిపోయాడు. ఊరు తనను చూసి నవ్వుతుందని వారం రోజులు భయపడ్డాడు. ఊరికి తీరికే లేదు. ఆ అవమానం మొదటి అవమానం కన్నా పెద్దదా చిన్నదా అన్నది ఆయనకు తేలలేదు. కానీ ఇంటికి వచ్చి ఆకలి వేసి అన్నం తిన్నాడు. ఆ తరవాత గడీ వెనక పాత గుర్రాలసాలలో సుభద్రాదేవి తెల్లకోళ్ళు పెంచడం మొదలుపెడితే అడ్డు చెప్పలేదు. దత్తోపంతు తెచ్చినవన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించి లైసెన్సులు రద్దు చేయించాడు. రంధ్రం లేనిదానికి లైసెన్సు ఎందుకు తీసుకున్నారని అడిగితే, చెప్పడానికి కొంచెం కష్టమైంది. బాపుది ఒక్కటి మాత్రం ఉంచుకున్నాడు.

అరవై ఏడు ఎన్నికలప్పుడు జిల్లాలో లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లలో జమ చేయాలని ఉత్తర్వు వచ్చింది. మురహరిరావు తోలు సంచి చంకన పెట్టుకుని వెళ్ళాడు. పాత దొరలూ, పాత పటేళ్ళూ వరసలో నిలబడ్డారు. సబ్ ఇన్‌స్పెక్టరు కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చినవాడు. రివాల్వరు చేతిలోకి తీసుకుని ముచ్చటగా చూశాడు.

"చాలా పాతదిలా ఉందే! మీ తాతగారిదా అండీ?"

దొర నాలుక చివరికి నవాబు వచ్చేశాడు, వెనకాల పులి కూడా వచ్చింది.

"కాదు," అన్నాడు. "మా బాపు ఒక మేజ కొన్నడు. దాని సొరుగుల ఎల్లింది."

"ఓహో," అని సబ్ ఇన్‌స్పెక్టరు దానికి చీటీ కట్టి పక్కన పెట్టేశాడు. అంతకన్నా ఏమీ జరగలేదు. దొర కొంచెం ఆశ్చర్యపడ్డాడు. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో చెప్పేవాడు.

ఆయన వెనక హుజూరాబాదు వైపు నుంచి వచ్చిన ముసలి దొర ఒకాయన ఉన్నాడు. శాలువలోంచి ఒక రివాల్వరు తీసి బల్ల మీద పెట్టి, "జర భద్రం సారూ. గదర్ నాటిది. పద్దెనిమిది వందల యాభై ఏడుల మా ముత్తాత ఒక ఇంగ్లీషు కల్నల్ చేతులకెల్లి గుంజుకున్నడు," అని మొదలుపెట్టాడు.

మురహరిరావు పక్కకు తప్పుకుంటూ దాని వైపు చూశాడు. గొట్టం మీద వరసగా అక్షరాలున్నాయి. ఇక్కడి నుంచే చివరి సంవత్సరం స్పష్టంగా కనబడుతోంది. అది గదర్‌కు దగ్గరిది కాదు. సబ్ ఇన్‌స్పెక్టరు అనుమానంగా తల ఎత్తి, "అంత పాతదా? మీరేమంటారు రావుగారూ?" అని మురహరిరావును అడిగాడు.

ముసలి దొర కూడా ఆయన వైపు తిరిగాడు. ఆ కళ్ళల్లో భయం ఉంది.

"నాకేం ఎరుక సారు," అన్నాడు మురహరిరావు. "వాళ్ళ ఇంటి సంగతి వాళ్ళకు తెలుస్తది." తరవాత ముసలి దొర వైపు తిరిగి, "కల్నల్ చేతులకెల్లి ఎట్ల గుంజుకున్నడు? చెప్పుండ్రి, వింట," అని గోడ పక్కనున్న బెంచీ మీద కూర్చుని, జరిగి ఆయనకు చోటిచ్చాడు.